నేను వేసిన మూడు చిల్లులు

ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న కాలేజీలో నలభై ఏళ్ళకు పైగా ఫుట్‌బాల్ జట్టు సామాన్లు చూసుకున్నాను. బూట్లు, భుజాల ప్యాడ్లు, హెల్మెట్లు, జెర్సీలు. ఆటగాడి ఒంటి మీదికి ఎక్కేది ఏదైనా నా చేతిమీదుగా వెళ్ళాల్సిందే. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు. ఇక్కడ బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తుతారు, ఎదుటివాళ్ళు మీదపడి కూలదోస్తారు. మనవాళ్ళ ప్రతి పార్టీలోనూ ఇది చెప్పాల్సి వస్తుంది కాబట్టి మొదటే చెప్పేశాను.

పార్టీల్లో ఇంకోటి కూడా అడుగుతారు.

"కాలేజీలో చేశారటగా అంకుల్, ప్రొఫెసరా?"

"కాదు బాబూ, బూట్లు కుట్టేవాణ్ణి."

అడిగినతను చేతిలో ప్లేటు చూసుకుంటాడు. "అంకుల్ భలే జోక్ చేస్తారు" అని పక్కనున్నావిడ నవ్వేస్తుంది. జోక్ కాదు. మా నాన్న గుంటూరు దగ్గర చెప్పులు కుట్టాడు, నేను ఒహాయోలో బూట్లు కుట్టాను. ఆ మాట విన్నాక "మీది ఏ ఊరు, ఇంటిపేరేంటి" అని మెల్లగా కూపీ లాగేవాళ్ళు ఇంకో రకం. వాళ్ళ సంగతి రాయాలంటే వేరే పుస్తకం కావాలి. వదిలేస్తున్నాను.

నా పేరు దేవదానం. అక్కడివాళ్ళకు నోరు తిరక్క డేవ్ అన్నారు. నాకు తొంభై దగ్గర పడ్డాయి. ఇప్పుడుంటున్నది పిస్కాటవే అనే ఊళ్ళో, మా అమ్మాయి ఇంటి కింది గదిలో.

ఎందుకు రాస్తున్నాను

మా పక్కింటి శ్రీజ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆటగాళ్ళ దెబ్బలు చూసే చదువు చదివి, వచ్చే వారం ఒక కాలేజీ జట్టులో ట్రైనర్‌గా చేరుతోంది. నెల కిందట వచ్చి కూర్చుంది.

"తాతా, మీరు చేసింది ఆల్మోస్ట్ సేమ్ జాబ్ కదా. నాకు టిప్స్ చెప్పండి."

"టిప్స్ హోటల్లో ఇస్తారు."

"అబ్బా, కోపం వద్దు తాతా. ఒక ఫోర్, ఫైవ్ పాయింట్స్ చెప్తే చాలు."

నలభై ఏళ్ళను నాలుగు పాయింట్లు చేయమంటుంది! ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. వాళ్ళమ్మ చదివి వినిపిస్తానంది. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చింది ఒక్కటే.

రెండో కారణం ఒక ఉత్తరం. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే, యాభైల చివర్లో, మా జట్టు సీజన్ అంతా ఒక్క ఆట కూడా ఓడలేదు. ఆ జట్టు కోసం కాలేజీవాళ్ళు ఇప్పుడు ఒక అద్దాల పెట్టె చేయిస్తున్నారట. ఆ ఏడు వాల్టర్ అనే కుర్రాడు పెట్టుకున్న హెల్మెట్ నా దగ్గరుంది. దాన్నివ్వమని రాశారు. దాని కింద పెట్టబోయే చీటీ కూడా జతచేశారు. తెలుగులో చెప్పాలంటే ఇదీ అందులో ఉన్నది: "వాల్టర్. జట్టుకు వెన్నెముక. ఆఖరి ఆటలో అస్వస్థత కారణంగా ఆట నుంచి విరమించుకున్నాడు."

అస్వస్థతట! జలుబు చేసి ఇంటికి పోయినట్టు. ఆ రోజు నేను మైదానం గట్టున నిలబడి చూశాను. ఈ చీటీ రాసినవాళ్ళు అప్పటికి పుట్టలేదు. హెల్మెట్ ఇవ్వనా, ఇస్తే దాని కింద ఏం రాయించి ఇవ్వాలి? నెల రోజులుగా నాకు పట్టుకున్న సంగతి ఇదే.

ఆరె, రంపె

మా ఊళ్ళో మిషను బడి నడిపిన దొర ముసలితనంలో సొంత దేశానికి వెళ్ళిపోతూ నన్ను తోడు తెచ్చుకున్నాడు. కాగితాలు ఎలా వచ్చాయో ఆయనకే తెలియాలి. ఐదో తరగతితో బడి మానేసిన నేను ఒక పెట్టె పట్టుకుని దిగాను. అందులో రెండు చొక్కాలు, మా నాన్న ఇచ్చిన ఆరె, రంపె ఉన్నాయి. ఆరె అంటే తోలుకు చిల్లు పొడిచేది. రంపె అంటే తోలు కోసేది.

దొర మేనల్లుడు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. అతని బూటు అంచు ఊడిపోతే కుట్టిచ్చాను. ఆ బూటు చూసి ఒక పొట్టి మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పేరు పీట్. జట్టు సామాన్ల గదికి పెద్ద.

"ఇది మిషన్ కుట్టా, చేతి కుట్టా?"

"చెయ్యి."

"రెండు సూదులా?"

"రెండు."

"సోమవారం రా."

ఇంటర్వ్యూ అంతే. ఇప్పటివాళ్ళు ఆరు రౌండ్లు అంటుంటే నాకు నవ్వొస్తుంది.

ఆ గది జిమ్ కింద ఉండేది. చెమట, తోలు, సబ్బు నీళ్ళు కలిసిన వాసన. తోళ్ళు నానబెట్టే మా లందగుంతల పక్కన పెరిగిన ముక్కు నాది, నాకు ఏమీ అనిపించలేదు. ఇంగ్లీషు డబ్బాల మీది చీటీలు చదివి నేర్చుకున్నాను. లైబ్రరీవాళ్ళు పారేసే పుస్తకాల గుట్టలోంచి ఎముకల పుస్తకం ఒకటి, కండరాల పుస్తకం ఒకటి తెచ్చుకుని బొమ్మలతో మొదలుపెట్టి మాటల్లోకి వచ్చాను. నాకు పాఠం చెప్పినవాడు లేడు. పరీక్ష పెట్టినవాడూ లేడు. పెట్టివుంటే ఆ ఏడు తప్పేవాణ్ణి. అది చెప్పబోతున్నాను.

పీట్ నేర్పింది ఒక్క అలవాటు. ప్రతి సోమవారం పొద్దున్నే ముప్పై హెల్మెట్లూ బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఒక్కోదాని లోపలికి చెయ్యి పోనిచ్చి తడమాలి. చూడ్డం కాదు, తడమడం. బయట రంగు, గీతలు జనం చూడ్డానికి. దెబ్బ ఎక్కడ పడిందో లోపలి పట్టీలు చెప్తాయి. అప్పటి హెల్మెట్ లోపల ఇప్పటిలా మెత్తటి దిండ్లు లేవు. గుడ్డ పట్టీల వల, తల చుట్టూ తిరిగే ఒక తోలు పట్టీ, అంతే. ఆ తోలు పట్టీకి నాలుగు చిల్లులు. తాడు ఏ చిల్లులోంచి తీసి కడితే అంత బిగుతు.

"మార్చే ముందు ఎందుకో అడుగు" అనేవాడు పీట్. రోజుకు పదిసార్లు అనేవాడు. పదిసార్లు విన్న మాట చెవికి ఆనదు.

తడి తువ్వాళ్ళు

మా కోచ్ పేరు హార్లన్. పొడగరి, గొంతు పెద్దది. ప్రాక్టీసు మధ్యలో నీళ్ళు తాగనిచ్చేవాడు కాదు. తాగితే మెత్తబడతారని నమ్మకం. అతనొక్కడే కాదు, ఆ రోజుల్లో దేశమంతా అదే పిచ్చి. ఆగస్టు ఎండలో, అంత బరువు ప్యాడ్లు వేసుకుని రెండు గంటలు పరిగెత్తేవాడికి నీటి చుక్క ఉండదు. దాని బదులు ఉప్పు బిళ్ళలు మింగించేవాళ్ళు. మొదటి వారం చూసి నేను తట్టుకోలేకపోయాను.

"పీట్, మా ఊళ్ళో దున్నే ఎద్దుక్కూడా మధ్యలో ఆపి నీళ్ళు పెడతారు."

"ఎద్దు యజమాని డబ్బు పెట్టి కొన్నది డేవ్. వీళ్ళు ఊరికే వచ్చారు."

అని, ఇరవై తువ్వాళ్ళు బకెట్లో ముంచి పిండకుండా తీశాడు. మొహం తుడుచుకోవడానికని కుర్రాళ్ళకు అందించాం. వాళ్ళు తువ్వాలు మొహం మీద కప్పుకుని నీళ్ళు పీల్చుకునేవాళ్ళు. కోచ్ ఒకసారి వచ్చి తువ్వాలు పట్టుకు చూశాడు.

"ఇంత తడి ఎందుకు?"

"తువ్వాళ్ళు మా గది పని కోచ్. ఆడించేది మీ పని" అన్నాడు పీట్.

శ్రీజా, నీకు కావలసిన మొదటి పాయింటు ఇది అనుకో. నీ పై అధికారి తప్పు చేస్తుంటే ఎదురుతిరిగే బలం నీకు ఉండకపోవచ్చు. నీ బకెట్ మాత్రం నీ చేతిలో ఉంటుంది.

వాల్ట్

వాల్టర్‌ను అందరూ వాల్ట్ అనేవాళ్ళు. పాడి రైతు కొడుకు. బంతి పట్టుకుని జనం మధ్యలోంచి తలదించుకుని దూసుకెళ్ళడం అతని పని. వాళ్ళ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాడు. ఆట మానితే ఫీజు మాఫీ పోతుంది, మాఫీ పోతే చదువు పోతుంది. పశువుల డాక్టరు కావాలని కోరిక.

పాదాలు వెడల్పు. బొటనవేలి పక్క ఎముక పొడుచుకొచ్చేది. ముందు ఏడాదంతా బూటు కరిచి రక్తాలు కారుతూ ఆడాడట, ఎవరికీ చెప్పలేదు. నేను బూటును తడిపి, చెక్క అచ్చు బిగించి, ఎముక దగ్గర తోలు సాగదీసి ఇచ్చాను. వేసుకుని గదిలో నాలుగడుగులు వేశాడు. ఆగాడు. మళ్ళీ నడిచాడు.

"డేవ్, బూటంటే ఇలా ఉంటుందా!"

మరునాడు ఒక బస్తా ఆపిల్స్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పట్నుంచి ఏది కరిచినా నా దగ్గరికే వచ్చేవాడు. ఏదైనా చెప్పుకోవడానికి ఆ కుర్రాడికి ఒక మనిషి దొరికాడు. ఆ మనిషి నేను. అది నాకు గర్వంగా ఉండేది.

రెండు వేళ్ళు

ఆరో ఆటలో వాల్ట్ తలకు గట్టి దెబ్బ తగిలింది. లేచాడు. లేచి ఎదుటి జట్టువాళ్ళ గుంపులోకి వెళ్ళి నిలబడ్డాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

కోచ్ గట్టు మీదికి పిలిచి, ఘాటైన అమ్మోనియా గుళిక ముక్కు కింద చిదిపి, వేళ్ళు చూపించాడు.

"ఎన్ని?"

"రెండు."

"పో, ఆడు."

హార్లన్ ఎప్పుడూ రెండు వేళ్ళే చూపిస్తాడు. జట్టంతటికీ తెలుసు. కొత్తగా చేరినవాడికి పాతవాళ్ళు మొదటిరోజే చెప్పేవాళ్ళు, "ఏం కనబడినా రెండు అను" అని. వైద్యపరీక్ష అంటే అదీ. కోచ్‌కు కూడా ఆ సంగతి తెలుసునని నా నమ్మకం. తెలియనట్టు ఉండడం అతనికి సుఖం. మాకందరికీ సుఖమే. గెలుస్తున్నాం మరి.

కరుస్తోంది

సరిగ్గా ఆ వారమే పీట్‌కు హెర్నియా ఆపరేషన్. మూడు వారాలు రాలేదు. గది నాకు అప్పజెప్పి వెళ్ళాడు. గోచీలాంటి పట్టీ కట్టుకుని ఆస్పత్రి మంచం మీంచి కూడా "మార్చే ముందు అడుగు" అన్నాడు. "సరే సరే" అన్నాను.

మంగళవారం వాల్ట్ వచ్చాడు. హెల్మెట్ బల్ల మీద పెట్టాడు.

"ఇది కరుస్తోంది డేవ్."

"ఎక్కడ?"

"చుట్టూరా."

ఇక్కడ ఆగండి. చెప్పు కరిచినవాడు వేలు పెట్టి చూపిస్తాడు. ఇదిగో ఇక్కడ, మడమ దగ్గర, చిటికెన వేలి దగ్గర అని. "చుట్టూరా కరుస్తోంది" అన్నవాణ్ణి మా నాన్న జన్మలో చూసివుండడు, నేనూ చూడలేదు. అయినా నాకు తట్టలేదు. చెప్పు కరిస్తే చెప్పును సరిచేయాలి, కాలిని కాదు. మా ఇంట్లో నేర్చిన విద్య అది. ఆ విద్యనే తీసుకెళ్ళి తల మీద పెట్టాను.

తోలు పట్టీ అప్పటికే ఆఖరి చిల్లు దగ్గర ఉంది. ఆరె తీసి ఐదో చిల్లు పొడిచాను. తాడు అందులోంచి తీసి కట్టాను. తొడుక్కున్నాడు.

"హమ్మయ్య" అన్నాడు.

"గెలుపు తలకెక్కితే ఇంతే. బుర్ర పెరుగుతోంది నీకు" అన్నాను.

"మా అమ్మ కూడా అదే అంటుంది" అని నవ్వాడు. కానీ కిటికీ వైపు తిరక్కుండా నవ్వాడు. వెలుగు అతని కళ్ళకు పడడం లేదని ఇప్పుడు అర్థమవుతుంది.

తరవాతి మంగళవారం మళ్ళీ వచ్చాడు. ఆరో చిల్లు. ఆ పై మంగళవారం ఏడో చిల్లు. ఆగస్టులో ఆ తలకు ఆ హెల్మెట్ నేనే కొలిచి ఇచ్చాను. ఇరవై ఏళ్ళ మగాడి తల మూడు వారాల్లో మూడుసార్లు పెరగదు. ఎముకల పుస్తకం చదివినవాణ్ణి కదా, పుర్రె పెరగదని నాకు తెలియదా? తెలుసు. పుస్తకంలో చదివింది ఒక అరలో, చేతికి తెలిసింది ఇంకో అరలో ఉండిపోయాయి. రెంటినీ కలిపే ప్రశ్న ఒక్కటి నేను వెయ్యలేదు. చిల్లులు మాత్రం ఎంత గుండ్రంగా, ఎంత వరసలో వేశానని! కంపెనీ వేసిన వాటి కంటే నావే బాగుంటాయి.

సోమవారాలు హెల్మెట్లు తడిమాను కూడా. వాల్ట్‌ది వదులుగా ఉందని చేతికి తెలుస్తూనే ఉంది. నేను చేసిందే కదా అని పక్కన పెట్టాను.

ఆఖరి ఆట

ఆఖరి ఆట పక్క ఊరి కాలేజీతో. గెలిస్తే సీజన్ అంతా ఓటమి లేనట్టు. మూడో భాగంలో వాల్ట్ బంతి పట్టుకుని దూరాడు. మామూలు దెబ్బే. దాని కంటే పెద్దవి ఆ రోజే పది తిన్నాడు. పడ్డాడు. హెల్మెట్ తల మీద గిర్రున తిరిగి, చెవి దగ్గరుండాల్సిన రంధ్రం ముక్కు మీదికొచ్చింది. అది చూసి మళ్ళీ కొందరు నవ్వారు.

లేచి, హెల్మెట్ చేత్తో సరిచేసుకుంటూ గట్టు దాకా నడిచొచ్చాడు. నా ముందే ఆగాడు.

"డేవ్" అన్నాడు. ఇంకేదో అనబోయాడు. కుడికాలు మడతపడింది. నా చేతుల మీద పడ్డాడు.

మేం ఆ ఆట గెలిచాం. ఆంబులెన్సు గేటు దాటుతుండగా జనం కేరింతలు వినిపించాయి.

పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం పేరుకుందని డాక్టర్లు చెప్పారు. ఒక్క రోజుది కాదట, వారాల బట్టి కొంచెం కొంచెంగా. పుర్రె తెరిచి తీశారు. బతికాడు. కుడిచెయ్యి పోయింది. మాట చాలా వరకు పోయింది. పశువుల డాక్టరు కావాల్సినవాడు అన్న దగ్గర పాలక్యాన్లు కడుగుతూ ఉండిపోయాడు.

పీట్ అడిగింది

పీట్ తిరిగొచ్చిన సోమవారం హెల్మెట్లన్నీ వెల్లకిలా పెట్టాడు. వరసగా తడుముతూ వాల్ట్‌ది వచ్చేసరికి చెయ్యి ఆగింది. వేలితో చిల్లులు లెక్కపెట్టాడు. ఒక్కో చిల్లు మీదా వేలు ఆనిచ్చి తీశాడు.

"ఎవరు?"

"నేను."

"ఎందుకని అడిగావా?"

"లేదు."

హెల్మెట్ మళ్ళీ వెల్లకిలా పెట్టాడు. తిడితే బాగుండేది. కోచ్ అప్పటికే ఆ హెల్మెట్ పారేయమని కబురు పంపాడు. పీట్ దాన్ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇది నీది" అన్నాడు.

ఆ తరవాత పదమూడేళ్ళు కలిసి పనిచేశాం. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎవరితోనూ చెప్పలేదు కూడా.

చెప్పాల్సింది ఇంకోటి ఉంది. మరుసటి ఎండాకాలం వాల్ట్ వాళ్ళ పొలానికి వెళ్ళాను. పాలషెడ్డు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఎడమచెయ్యి ఎత్తాడు. ఒక్కో మాటా బావిలోంచి తోడుతున్నట్టు పైకి లాగాడు.

"చెప్పా... అందరికీ. నువ్వు... ఒక్కడివే... విన్నావు."

అందరికీ చెప్పాడట. కోచ్‌తో తలనొప్పి అన్నాడు, గదిలో తోటివాడితో వాంతులన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు, నేను మాత్రం వెంటనే ఆరె తీశాను. అందుకని కృతజ్ఞత! నేను ఆపిల్ చెట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. అసలు సంగతి చెబుదామనే వెళ్ళాను. చెప్పలేదు. తిరిగొచ్చాను. ఆ తరవాత ఇంకొక్కసారే వెళ్ళాను, అతన్ని పాతిపెట్టిన రోజు.

డాక్టర్లు నా చిల్లుల వల్లే అయిందని అనలేదు, వాళ్ళకు చిల్లుల సంగతే తెలియదు. వదులు హెల్మెట్ వల్ల దెబ్బ ఎంత ఎక్కువైందో ఎవరు తూచగలరు? అది కాదు నేను అనేది. ఆ కుర్రాణ్ణి ఆపగలిగింది ఇక నొప్పి ఒక్కటే. కోచ్ ఆపడు, చదువు పోతుందని తనూ ఆగడు. ఆ నొప్పి హెల్మెట్ పెట్టుకోనివ్వకుండా అడ్డం నిలబడింది. దాన్ని నేను పక్కకు తప్పించి, పో ఆడుకో అన్నాను. మూడుసార్లు.

కోచ్ సంగతి

హార్లన్‌ను నేను జీవితమంతా తిట్టాను. ఎవరు కూర్చుంటే వాళ్ళ ముందు తిట్టాను. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ "ఆయన పోయాడు కదండీ, ఇంకా ఎందుకు" అనేది. పోయినా నాకు తగ్గలేదు. తలనొప్పి అన్న కుర్రాడితో "నాకూ ఉంది, నువ్వే ఆ నొప్పి" అన్నాడట. అలాంటివాణ్ణి తిట్టక ఏం చేస్తారు?

కానీ తిట్టడానికి ఒక మనిషి ఎప్పుడూ సిద్ధంగా ఉండడం ఎంత సదుపాయమో ఇప్పుడు తెలుస్తోంది. తిట్టిన తిట్లలో సగం చిరునామా తప్పు.

ఇంకో కుర్రాడు

పీట్ పోయాక గది నాదైంది. ఎవడు హెల్మెట్ వదులు చేయమన్నా ముందు డాక్టరు దగ్గరికి పంపేవాణ్ణి. నవ్వేవాళ్ళు. "డేవ్ దగ్గరికి జెర్సీ గుండీ ఊడిందని వెళ్ళినా ఎక్స్‌రే తీయిస్తాడు" అని.

ఒక ఏడు, పెద్ద ఆటకు ముందురోజు, బంతి విసిరే కుర్రాడు బిగుతుగా ఉందన్నాడు. ఎక్కడ అన్నాను. "ఊరికే, అంతటా" అన్నాడు. హెల్మెట్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పటి కోచ్ వచ్చి బల్ల గుద్దాడు. అథ్లెటిక్ డైరెక్టరు ఫోన్ చేశాడు. తాళం ఇవ్వలేదు. ఆ కుర్రాడు లేక ఆట ఓడాం. పరీక్షలు చేస్తే అతనికి ఏమీ లేదు. పొడుగ్గా పెంచిన జుట్టుకు అంతకు ముందే రింగులు తిప్పించుకున్నాడు, దానివల్ల బిగుతు!

"నా ఆఖరి సీజన్ నాశనం చేశావు ముసలోడా" అన్నాడు నా మొహం మీదే.

"నాశనమైంది సీజనే కదా" అన్నాను.

మళ్ళీ ఆ పరిస్థితే వస్తే మళ్ళీ తాళం వేస్తాను. శ్రీజా, ఇందులో నీకు మెప్పు రాదు. నువ్వు సరిగ్గా ఆపిన రోజు, ఆపకపోతే ఏమయ్యేదో ఎవరూ చూడరు. ఓడిన ఆట మాత్రం అందరూ చూస్తారు.

అద్దాల పెట్టె

ఉత్తరం వచ్చిన వారం, ఆ చీటీకి బదులు నేనొకటి రాశాను. హార్లన్ పేరు, అమ్మోనియా, రెండు వేళ్ళు, అన్నీ పెట్టి, కోపమంతా కుమ్మరించి రాశాను. చదువుకుంటే బాగుందనిపించింది. కాలేజీకి పంపడానికి శ్రీజను పిలిచి హెల్మెట్‌ను అట్టపెట్టెలో సర్దిపెట్టమన్నాను. నా వేళ్ళు మాట వినడం లేదు ఈమధ్య.

ఆ పిల్ల హెల్మెట్ తీసి పైన రంగు చూడలేదు. వెల్లకిలా తిప్పి లోపల చెయ్యి పెట్టింది. ఎవరు నేర్పారో మరి, ఆ పిల్ల చదివిన కాలేజీలో కూడా ఒక పీట్ ఉండి ఉంటాడు.

"తాతా, ఈ ఫోర్ హోల్స్ మెషీన్‌తో వేశారు. ఈ త్రీ ఎవరో హ్యాండ్‌తో వేశారు. చాలా నీట్‌గా ఉన్నాయి."

పట్టీని కిటికీ వెలుగులోకి తిప్పి పట్టుకుంది.

"ఒకేసారి వేయలేదు కదా? చూడండి, ఒక్కో హోల్ దగ్గర తాడు రాపిడి ఉంది. ఫస్ట్ ఇక్కడ కట్టారు, నెక్స్ట్ ఇక్కడ, దెన్ ఇక్కడ. సేమ్ పర్సన్ వాడాడా ఇది?"

"ఒక్కడే. మూడు వారాలు."

"అంటే ఆ అబ్బాయికి హెడేక్ కదా తాతా?"

ఎంత తేలిగ్గా అంది! గుక్క తిప్పుకున్నంత సేపు పట్టలేదు. వాల్ట్ మూడు మంగళవారాలు నా బల్ల ముందు నిలబడితే నా నోట రాని మాట అది.

"ఎవరు వేశారు ఇవి?"

"నేనే" అన్నాను. పీట్ తరవాత ఆ మాట విన్నది ఈ పిల్లే.

ఆమె హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి, "మా ప్రొఫెసర్ ఇలాంటివి ఫొటోస్ చూపిస్తారు. ఇన్‌సైడ్ పట్టీలు ఎవ్వరూ సేవ్ చేసి పెట్టరు తాతా, అందుకే ఎప్పుడూ బయట ఫొటోలే ఉంటాయి" అంది.

ఆ పిల్ల వెళ్ళాక నేను రాసిన చీటీ మళ్ళీ చదివాను. అందులో అందరూ ఉన్నారు, నేను తప్ప. చించేసి ఇంకోటి రాశాను. "ఈ పట్టీకి నాలుగు చిల్లులు కంపెనీవాళ్ళు వేశారు. మిగతా మూడూ నేను వేశాను. వాల్ట్‌కు తలనొప్పిగా ఉంది. నేను అడగలేదు. దేవదానం, సామాన్ల గది." హెల్మెట్ వెల్లకిలా పెట్టాలని కూడా రాసి కాలేజీకి పంపాను.

కాలేజీ నుంచి ఫోన్ చేసిన అమ్మాయి మర్యాదస్తురాలే.

"సార్, అస్వస్థత అనే మాట తీసేస్తాం. తలకు గాయం అని రాస్తాం. మీ పేరు మాత్రం అవసరం లేదు. మీకే ఇబ్బంది."

"వాల్ట్ పేరు పెడుతున్నారు కదమ్మా. అతనికి లేని ఇబ్బంది నాకేంటి?"

"ఇంకోటి సార్, హెల్మెట్ వెల్లకిలా పెట్టాలని రాశారు. అలా పెడితే కాలేజీ రంగులు కనబడవు. అలా ఎవరూ పెట్టరు."

"రంగులు అందరికీ తెలుసు. లోపల ఏముందో తెలియాలి."

ఆమె ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఇది నేను ఒక్కదాన్నే తేల్చలేను సార్. పైవాళ్ళను అడగాలి."

"అడుగమ్మా" అన్నాను. "ముందు అడుగు."

అట్టపెట్టె నా గది తలుపు పక్కనే ఉంది. ఇంకా టేపు వేయలేదు. హెల్మెట్ అందులో వెల్లకిలా ఉంది. తాడు ఏడో చిల్లులోనే ఉంది, నేను కట్టిన ముడి అలాగే ఉంది.